మిరుగం నాడు నాకు దక్కని తలకాయలు

చేప తలకాయ పులుసు దగ్గర మొహమాటపడే మనిషిని కాను నేను. భువనగిరి నుంచి కొత్తకోట దాకా బస్సులో నడుము నొప్పెట్టేలా కూర్చొని అత్తగారి ఊరికి పోయింది దాని కోసమే అన్నా తప్పులేదు. ఆ రోజు మిరుగం. మృగశిర కార్తె మొదలైన నాడు చేప వండని ఇల్లు మా దిక్కు అరుదు, వచ్చిన అల్లుడికి తలకాయ వడ్డించని అత్త ఇంకా అరుదు.

అయినా నాకు దక్కలేదు. వండబోయే తలకాయలను మా బామ్మర్ది అమరేందర్ భార్య అరుణమ్మ నా కళ్ల ముందే ఎత్తుకుపోయింది. వరసకు నాకు చెల్లెలు. ఆమె సంగతే చెప్పాలి.

అరుణమ్మ తిరుమలగిరి దగ్గరి రైతుల బిడ్డ. చిన్నప్పుడు తొలకరి పడగానే వాగులో ఎదురెక్కే చేపల వెంట పరుగెత్తేదట. "వానొచ్చిందని గా చేపలకు ఎవరు చెప్తరు నాయినా?" అని అడిగితే వాళ్ల నాయిన నవ్వేసేవాడట. పిల్ల మాత్రం ఆ ప్రశ్నను వదల్లేదు. పట్టిన పట్టు విడిచే రకం కాదు.

పెళ్లయి కొత్తకోట పక్క ఊరికొచ్చింది. ఎత్తిపోతల నీళ్లతో చెరువులు నిండాక, చేపపిల్లలు కోస్తా నుంచి లారీల్లో రావడం మొదలైంది. దారిలో చచ్చేవి చావగా మిగిలినవే చెరువులో పడేవి. "మన చెరువుల ఎయ్యనీకె పిల్లలు మనకాడ పుట్టయా?" అని అరుణమ్మ ఒక వరిమడిని కుంటగా తవ్వించింది. చేపపిల్లలను పుట్టించే పని శిక్షణకు పోయి నేర్చుకొచ్చింది. ఈ ఏడాది చేపపిల్లలను నేనే ఇస్తానని చేపల సంఘం పెద్ద చెన్నయ్యకు నలుగురిలో మాటిచ్చింది. ఊరు నవ్వింది. మా అత్త లక్ష్మీనర్సమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "నీ మాట మొగడే ఇనడు, చేప ఇంటదా?" అంది.

చేప వినేది మెదడు మాట. అరుణమ్మే నాకు విడమరిచి చెప్పింది. రోహు చేప కడుపులో గుడ్లు సిద్ధమైనా నిలవ నీటిలో పెట్టదు. మెదడులో తయారయ్యే పెప్టైడ్ అనే చిన్న ప్రోటీన్ ముక్క, మెదడు కిందున్న పీయూష గ్రంథికి 'హార్మోన్ వదులు' అని కబురు తేవాలి. 'ఆగు' అనే ఇంకో కబురు కూడా మెదడు నుంచే వస్తుంది. వాన నీరు పారితే మొదటి కబురుది పైచేయి, కుంటలో రెండోదానిది. బజారులో దొరికే సూదిమందులో ఆ పెప్టైడ్‌కు నకలూ, ఆపే కబురుకు అడ్డుపడే మందూ రెండూ ఉంటాయి.

మిరుగం నాటికి మూడు తల్లిచేపలూ గుడ్లతో బరువెక్కాయి. వాటిని కుంటలోనే తొట్టిలా కట్టిన గుడ్డవలలో వేరుగా ఉంచి, సూదిమందు కోసం అరుణమ్మ కొత్తకోట బస్టాండుకు పోయింది. తెస్తానన్న మనిషి రాలేదు. మందు ఎక్కడా లేదని ఫోన్ చేశాడు. ఇంకొన్నాళ్లు ఆగితే గుడ్లు చేప కడుపులోనే కరిగిపోతాయి, ఇచ్చిన మాట నీళ్లపాలవుతుంది.

ఇక్కడ ఇంట్లో మా అత్తకు వేరే ఫికర్. బజారులో చేపలు పొద్దున్నే ఖతమయ్యాయి. అల్లుడు ఇంట్లో ఉన్నాడు. ఆమె నేరుగా కుంటకు పోయి, గుడ్డవలలో చేతికి అందుతున్న రెండు పెద్ద చేపలను తెచ్చి కోసేసింది.

అరుణమ్మ వచ్చేసరికి వాకిట్లో పొలుసులు.

"అత్తమ్మా, గవి నా తల్లిచేపలు!"

"నాకేమెర్క బిడ్డా? అల్లుడొచ్చె, మిరుగమాయె..."

అరుణమ్మ కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే పళ్లెంలోని రెండు తలకాయలను చూసి ఒక్కసారిగా లేచింది.

"అన్నా, గా తలకాయలు ముట్టకు!"

సూదిమందు రాకముందు ఈ పని చేప తలలోంచి తీసిన పీయూష గ్రంథితోనే చేసేవారట. గుడ్లమీదున్న చేప గ్రంథిలో హార్మోన్ ముందే తయారై ఉంటుంది. "గోదాం తెరువుమని చెప్పేటోడు రాలే. గోదామే మన చేతికొచ్చింది," అంది కళ్లు తుడుచుకుంటూ. శిక్షణలో ఆమె తీసిన గ్రంథులు చాలావరకు చితికిపోయాయని తర్వాత తెలిసింది. అప్పుడే తెలిస్తే నేను అక్కడ నిలబడేవాణ్ణి కాదు.

మా అత్త ఒక చేప తలకాయను రెండు చేతులా బిగించి పట్టుకుంది. అంతసేపు ఆమె నోరు మూసుకోవడం నా పెళ్లయ్యాక అదే మొదలు. అరుణమ్మ పుర్రె తెరిచి, మెదడును మెల్లగా పక్కకు జరిపి, జొన్నగింజకన్నా చిన్న తెల్లటి ముద్దను పైకి తీసింది. చితకలేదు. రెండోదీ చితకలేదు. వాటిని ఉప్పునీటితో నూరి, తేటను సిరంజిలోకి లాగి, మిగిలిన ఒక్క తల్లిచేపకు తోక దగ్గర కొంత ఎక్కించింది. మిగతాది పొద్దుగూకాక దానికీ, దానికి జోడుగా వలలోకి వదిలిన పోతుచేపలకూ ఇచ్చింది. మోతాదు సరిపోతుందో లేదో ఆమెకూ తెలియదు. కోసిన ఆ తల్లిచేపలను వండడానికి ఎవరికీ మనసొప్పలేదు, మేమందరం ఆ పూట పచ్చిపులుసుతో తిన్నాం. నేను గొణగలేదు.

తెల్లారి వల అడుగున నానిన సగ్గుబియ్యంలా మెరుస్తూ లక్షల కొద్దీ గుడ్లు! అరుణమ్మ వల పక్కనే నిలబడి అందరినీ కేకేసి పిలిచింది. నాకైతే గర్వంతో ఛాతీ ఉప్పొంగింది, నా సొంత చెల్లెలు గెలిచినట్టే.

పిల్లలు ఈదడం మొదలుపెట్టాక చెన్నయ్య వచ్చాడు. నీళ్లలో దోసిలి ముంచి, అందులో కదులుతున్న వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడి నుంచే లారీ అతనికి ఫోన్ కలిపాడు.

"ఈసారి లారీ తేకు. పిల్లలు మాకాడనే పుట్టినయ్." అవతల ఎవరు పుట్టించారని అడిగినట్టున్నారు. "అరుణమ్మ అని, మా ఊరామెనే."

"గట్ల కాదు చెన్నయ్యా," అని మా అత్త గట్టు మీద నుంచి అరిచింది. "లక్ష్మీనర్సమ్మ కోడలని సరిగ్గ చెప్పు!"