పొట్టమీది సంచి, సింగపూర్ ప్రయాణం

2012 వర్షాకాలంలో నన్ను రాయ్‌పూర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నుంచి స్టోమా క్లినిక్‌కు సిస్టర్ ఇన్‌చార్జ్‌గా మార్చారు. స్టాఫ్ నర్సుకు ఒక మెట్టు పైన, మేట్రన్‌కు కింద ఉండే హోదా అది. పేరుకు పదోన్నతే గానీ, ఇచ్చిన గది మెట్ల కింద, కిటికీ లేనిది. పెద్దపేగు చివర క్యాన్సర్ వచ్చినవాళ్ళకు ఆ భాగం తీసేసి, మిగిలిన పేగు కొసను పొట్టమీదికి తెచ్చి కుడతారు. ఆ ద్వారమే స్టోమా. మలం ఇక అక్కడినుంచే, చెప్పాపెట్టకుండా, పొట్టకు అంటించిన సంచిలోకి వస్తుంది. సంచిని చర్మానికి పట్టి ఉంచే మెత్తటి పలకను ఫ్లాంజ్ అంటాం. ఆ సంచితో రోజులు గడపడం నేర్పడమే నా ఉద్యోగం.

కూర్మారావుగారు ఆ క్లినిక్‌లో నా తొలి రోగుల్లో ఒకరు. ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్, కాపురం బీర్‌గావ్‌లో. ఆయన నాతో హిందీలోనే మాట్లాడేవారు. రాయ్‌పూరంతా గాలించినా కూర్మారావు అనే పేరుగల హిందీవాడు దొరకడు. పైగా ఆయన భార్య నూకరత్నంగారు గది బయట ఆయనతో గుసగుసలాడేది అచ్చం మా శ్రీకాకుళం వైపు తెలుగు. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇక్కడి తెలుగువాళ్ళం మరీ ఎక్కువమందిమి కాము. ఎవరింట్లో ఏం జరిగినా మా తెలుగు సంఘం వినాయక చవితి పందిట్లో అందరి నోళ్ళలోనూ నానుతుంది. ఆ భయంతో ఆయన హిందీ వెనక దాక్కున్నారు. నేనూ హిందీలోనే జవాబిచ్చేదాన్ని. రోగి సిగ్గును గుర్తించనట్టు ఉండటం మర్యాద అనుకునేదాన్ని.

మరుసటి ఏడాది ఆ దంపతులు సింగపూర్, మలేషియా యాత్రకు పేర్లిచ్చారు. నూకరత్నంగారి చెల్లెలు, ఆ చెల్లెలి భర్త సన్యాసిరావు కూడా వస్తున్నారు. సన్యాసిరావు రైల్వే గుమాస్తా, నలుగురిలో నవ్వించే మనిషి. తోడల్లుడి ముందు పరువు సంగతి తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తనకు హెర్నియా ఆపరేషన్ అయిందని కూర్మారావుగారు అతనితో చెప్పారు. సంచి సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

నూకరత్నంగారు ఒకరోజు ఒంటరిగా వచ్చి, ఆయన విమానం ఎక్కవచ్చా అని అడిగారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె రైలెక్కితే పుట్టింటికి, దిగితే వంటింటికి. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఆయన మంచం పక్కన కూర్చునే నిద్రపోయింది. ఆయన వెళ్ళకపోతే తాను వెళ్ళదు. వాయిదా వేద్దామంటే, క్యాన్సర్ మళ్ళీ రాదని ఎవరు పూచీ ఇస్తారు?  

ఎక్కవచ్చు అన్నాను. ఆయన్ని పిలిపించి ఏర్పాట్లన్నీ వివరించాను. మామూలుగా వాడే సంచులకు రెట్టింపు తీసుకోవాలి. అన్నీ చేతిసంచిలోనే ఉండాలి, ఎందుకంటే పెట్టె ఇంకో దేశానికి పోతే అక్కడ మందుల కొట్లో ఈ సరుకు అంత తేలిగ్గా దొరకదు. ఫ్లాంజ్‌కు రంధ్రం ఇంట్లోనే కత్తిరించుకోవాలి, కత్తెర విమానంలోకి రానివ్వరు. పైకి వెళ్ళాక కడుపులో గాలి ఉబ్బుతుంది గనక సోడాలు, శనగలు మానాలి. సీటు నడవ పక్కన అడగాలి. సర్జన్ ఉత్తరం జేబులో ఉంచుకోవాలి, తనిఖీలో అనుమానం వస్తే పక్కగదిలో చూడమనాలి. ఆయన అన్నింటికీ "జీ, సిస్టర్" అన్నారు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

దూరప్రయాణానికి ముందు ఒక చిన్న ప్రయాణం చేయించడం మా క్లినిక్‌లో పద్ధతి. బస్సులో వెళ్ళి, బయట మరుగుదొడ్డిలో ఒకసారి సంచి మార్చుకుని రావాలి. వాళ్ళు దగ్గర్లోని ఆరంగ్ అనే ఊరు ఎంచుకున్నారు. బీర్‌గావ్‌లో ఎక్కితే మిల్లువాళ్ళు చూస్తారని టాటీబంధ్ కూడలి దాకా ఆటోలో వెళ్ళి, భిలాయి వైపునుంచి వచ్చే బస్సెక్కారు. వెళ్ళడం బాగానే జరిగింది. ఆరంగ్‌లో గుడి చూశారు, బస్టాండులో సంచి మార్చుకున్నారు. తిరిగి వస్తుంటే బస్సులో ఫ్లాంజ్ ఊడింది.

తర్వాతిదంతా నూకరత్నంగారు చెబితే విన్నాను. ముందు సీటువాళ్ళు తువ్వాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కండక్టరు వచ్చి ఎవరి దగ్గర చేపలున్నాయని అడిగాడు. కూర్మారావుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ బిగుసుకుపోయారు. అప్పుడామె టిఫిను డబ్బా పైకెత్తి చూపించి, తన కూర చెడిపోయిందని, క్షమించమని హిందీలో అందరికీ చెప్పింది. భర్తను తన వెనక నడిపిస్తూ దారిలో మందిర్ హసౌద్ అనే ఊరి దగ్గర దిగిపోయింది. ఒక బోరింగు చాటున ఆయన బట్టలు కడుక్కున్నారట.

మర్నాడు ఆయన పేర్లు రద్దు చేయిస్తామని చెప్పడానికి వచ్చారు. ముందు పొట్ట చూపించమన్నాను. సంచికి అడ్డంగా, నడుము చుట్టూ ఎర్రటి చార తేలివుంది. పాత చీర చించి, సంచి ఉబ్బు కనపడకుండా బిగించి కట్టుకున్నారు. అలా కడితే మలం సంచి అడుక్కి జారదు, పైనే నిలిచి ఫ్లాంజ్ కిందికి చొరబడుతుంది. పైగా ఏమీ రాకూడదని ముందురోజంతా పస్తున్నారు. ఖాళీ కడుపు గాలి తయారుచేస్తుంది. దాచడానికి చేసిన పనులే ఆయన్ని బస్సులో బయటపెట్టాయి. నాకు కోపం వచ్చింది. ఇందులో సిగ్గుపడటానికి ఏముంది, జబ్బు ఎవరికైనా రావచ్చు, చదువుకున్నవాళ్ళు మీరే ఇలా చేస్తే ఎలా అని, మేం రోజూ చెప్పే పాఠం హిందీలో దంచేశాను.

ఆయన చొక్కా దించుకున్నారు. మొదటిసారి తెలుగులో మాట్లాడారు.

"మీరు మాత్రం సెప్తన్నారేటి, సిస్టరమ్మా? మన సంఘంలో ఆడోళ్ళకి మీరు ఆపరేషన్ థియేటర్లో నర్సునని సెప్పీసినారట. నూకరత్నం వినొచ్చింది."

నా ముఖం వేడెక్కింది. నిజమే. మలం సంచులు మార్చే నర్సు అని తెలిస్తే పందిట్లో నా చేతి ప్రసాదం ఎవరు తీసుకుంటారోనని సందేహం. సర్జికల్ వార్డు వదిలాక కూడా ఎవరడిగినా థియేటర్ అనే చెప్పేదాన్ని. మా అత్తగారికి కూడా అదే చెప్పాను. ఆయన ఎగతాళిగా అనలేదు, అందుకే మరీ సిగ్గేసింది. తల వంచుకుని, అవును, చెప్పాను, అన్నాను. 

ఆ తర్వాతే మా మధ్య అసలు మాటలు మొదలయ్యాయి, తెలుగులో. ఆయన మనసులోని ప్రశ్నలన్నీ బయటికొచ్చాయి. "ఆ తనికీ కాడ సొక్కా ఎత్తమంటే ఏటి సెయ్యాల? విమానంలో గాలి సప్పుడైతే పక్కోడు వింటాడా?" ఒక్కోదానికీ జవాబు చెప్పాను. ఒక చిక్కు మిగిలింది. విమానాశ్రయంలో ఇలాంటిది జరిగితే మగవాళ్ళ మరుగుదొడ్డిలోకి నూకరత్నంగారు రాలేరు. తలుపు దగ్గర నిలబడి శుభ్రమైన బట్టలు, కొత్త సంచి అందించడానికి మరో మగమనిషి కావాలి. ఆ యాత్రలో ఆ మనిషి సన్యాసిరావు ఒక్కడే.

వద్దన్నారు. ఎందుకో చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆపరేషన్ తర్వాత సన్యాసిరావు గృహప్రవేశంలో, భోజనాల బంతిలో సంచి వాసన బయటికొస్తే, "మా అన్నయ్య ఎక్కడ కూచుంటే అక్కడ ఎలకలు సచ్చిపోతాయి" అని అతను అందరినీ నవ్వించాడట. ఆ రోజునుంచి కూర్మారావుగారు ఎవరి పక్కనా కూర్చుని అన్నం తినలేదు. చివరికి, నేను పక్కన ఉంటే చెప్పి చూస్తానన్నారు.

నా వారపు సెలవునాడు బీర్‌గావ్ వెళ్ళాను. సన్యాసిరావు ఒక్కడినే పిలిపించారు. టీ ఇచ్చారు. కూర్మారావుగారు హెర్నియా అబద్ధమని చెప్పి, చొక్కా ఎత్తి సంచి చూపించారు.  సన్యాసిరావు చూశాడు. ఏదో సరదా మాట వస్తుందని నేను భయపడ్డాను. అతని ముఖం పాలిపోయింది.

"అయితే మా గృహప్రవేశం నాడు..." అని ఆగిపోయాడు.

"అదే," అన్నారు కూర్మారావుగారు.

సన్యాసిరావు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.  చెల్లెలికి కూడా చెప్పకుండా దాచినందుకు నూకరత్నంగారు కళ్ళొత్తుకున్నారు. తిరిగొచ్చాక అతను తోడల్లుడి ముఖం చూడలేకపోయాడు. నావైపే తిరిగి, ఆ పలక ఎలా అంటించాలో తనకు కూడా చూపించమని అడిగాడు. అక్కడే చాపమీద నేర్పాను. రెండుసార్లు వంకరగా అంటించి, మూడోసారి సరిగ్గా అంటించాడు. ఆ మధ్యాహ్నమంతా అతని నోటినుంచి ఒక్క సరదా మాటా రాలేదు.

వాళ్ళు వెళ్ళొచ్చారు. కౌలాలంపూర్ విమానాశ్రయంలో ఒకసారి అవసరం పడిందట, తలుపు బయట సన్యాసిరావు నిలబడ్డాడట. అంతకు మించి నేను అడగలేదు.

ఆ ఏడాది సంఘంలో నా పని ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకరిద్దరు నా పక్కనుంచి జరిగి కూర్చున్న మాట నిజం. అంతకంటే పెద్ద మార్పు క్లినిక్‌లో చేశాను. రిటైరయ్యేదాకా, విదేశం వెళతామని వచ్చిన ప్రతి రోగినీ టికెట్లు, సంచుల కంటే ముందు ఒక్కటే అడిగేదాన్ని: వెంట వచ్చేవాళ్ళలో ఈ సంగతి ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదంటే, పుండు మానినా, సర్జన్ ఉత్తరం చేతిలో ఉన్నా, ప్రయాణానికి ఇంకా సిద్ధంగా లేరని కేసు షీటులో రాసేదాన్ని.