ఏడొద్దుల ఊరికి తొమ్మిదొద్దుల టికెట్టు

మంచిర్యాలలో మా ఇంటి ముందు గది ఒకప్పుడు పాత పేపర్ల గోదాము. దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేసినన్నాళ్లూ ఎప్పుడేది అవసరమవుతుందోనని ఒక్కటీ పారేయలేదు. నేను ఉద్యోగం నుంచి దిగిపోగానే మా ఆవిడ వాటన్నిటినీ తూకానికి వేసేసి, గదికి సున్నం కొట్టించి, ఒక టైలరమ్మాయికి అద్దెకిచ్చింది. ఇప్పుడు అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుట్టుమిషన్ చప్పుడు.

ఆ అమ్మాయి పుట్టిల్లు పక్కనే నస్పూర్. తండ్రి బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అత్తగారి ఊరు వేములవాడ దగ్గర. భర్త మస్కట్‌లో ఏసీలు బిగిస్తాడు. ఐదేళ్ల కూతురు. బడి వదలగానే ఆ పిల్ల వచ్చి మా వరండాలో కూర్చుని, గుడ్డముక్కలతో మా ఇద్దరికీ తలపాగాలు చుడుతుంటుంది.

టైలరమ్మాయికి ఫోన్‌లోని ఏఐ లేనిదే పని సాగదు. సూరత్ వ్యాపారికి హిందీలో మెసేజ్ రాయాలంటే దాన్నే అడుగుతుంది. దుబాయ్ నుంచి ఎవరో సెంటీమీటర్లలో పంపిన బ్లౌజు కొలతలు ఇంచుల్లోకి మార్చాలంటే దాన్నే. పిల్ల ఇంగ్లిష్ పాఠానికి అర్థం కూడా అదే చెప్పాలి. ఒకప్పుడు మా వాడలో ఎవరు అర్జీ రాయించుకోవాలన్నా, పెళ్లికార్డులో ఎవరి పేరు ముందుండాలో తేల్చుకోవాలన్నా నా దగ్గరికి వచ్చేవారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. చాయ్‌పత్తా ఆదా అవుతోందని మా ఆవిడ సంతోషం.

అలాగని నేనేమీ దాన్ని దూరం పెట్టలేదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ గురించి కరెంటాఫీసుకు దానితోనే ఫిర్యాదు రాయించాను. నేను రాస్తే కోపం కనిపించేది. అది రాస్తే మర్యాదగా ఉంది, పనీ అయింది. ఆ ఉత్సాహంలో ధర్మపురికి పొద్దున బస్సు ఎప్పుడుందో అడిగాను. నిమిషంతో సహా చెప్పింది. సంచీ పట్టుకుని బస్టాండుకు వెళితే, కంట్రోలరు నన్ను కిందా మీదా చూశాడు.

"గా టైముకు బస్సా? నేను డ్యూటీల చేరినకాడి నుంచి సూడలే సార్. ఎవలు చెప్పిండ్రు?"

"ఫోన్‌లో ఉంది."

"అయితే గా ఫోన్‌నే ఎక్కి పోండ్రి."

అప్పటినుంచి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. రాయమంటాను, దిద్దమంటాను, అనువదించమంటాను. తారీఖు, టైము, దారి మాత్రం మనిషిని అడగకుండా నమ్మను. ఈ పద్ధతి నా ఒక్కడికే తెలిస్తే సరిపోదని ఆ తర్వాత తెలిసింది.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం టైలరమ్మాయి మెడలో టేపుతోనే వరండాలోకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"కాకా, మా ఆయనకు సెలవు దొరికింది. టికెట్టు గూడ అయిపోయింది. వచ్చినంక ఏ దినం ఏం చెయ్యాల్నో ఏఐ తోని రాయించిన. జర సూడుండ్రి, ఏమన్న మరిచిపోయిందేమో."

మూడేళ్ల తర్వాత వస్తున్నాడు అతను. వెళ్లేటప్పుడు కూతురుకు సరిగ్గా మాటలే రావు. ఇప్పుడు ఆ పిల్ల వీడియో కాల్‌లో తండ్రిని దబాయిస్తుంది. ఈసారి బాపమ్మ ఊళ్లో, పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు తానే గునుగు పువ్వు కోసుకొస్తానని, పిల్ల బతుకమ్మను తన నెత్తి మీద పెట్టుకుని వాగు దాకా తెస్తానని అతను మాటిచ్చాడు. ఆ మాట మా వాడలో తెలియనివాళ్లు లేరు. బడిలో టీచరుకు కూడా చెప్పేసింది.

నేను అద్దాలు పెట్టుకుని, చేతికి ఎర్ర పెన్ను తీసుకున్నాను. ఫోన్ మీద పెన్నుతో ఏం దిద్దుతావని మా ఆవిడ నవ్వింది. ప్లాను ముచ్చటగా ఉంది. బతుకమ్మ ఎనిమిదో నాడు హైదరాబాదులో దిగడం, సాయంత్రానికి ఇల్లు, విశ్రాంతి. మరునాడు అత్తగారి ఊళ్లో సద్దుల బతుకమ్మ. ఆ తర్వాత దసరా, పంటి డాక్టరు, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించడం. ఒక పూట 'భార్యాభర్తలు కలిసి నడక' అని కూడా పెట్టింది.

రెండో రోజు దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. డెస్కులో ఉన్నప్పుడు ఏటా ఒక తమాషా జరిగేది. వేములవాడ వైపు నుంచి సద్దుల బతుకమ్మ ఫొటోలు అందరికంటే రెండు రోజులు ముందే వచ్చేవి. కొత్తగా చేరిన సబ్ ఎడిటరు ఎవరైనా సరే, ఇవి పాత ఫొటోలని పక్కన పడేసేవాడు. అవి పాతవి కావని, ఆ వైపు ఏడో నాడే సద్దులని ప్రతి ఏడూ ఎవరో ఒకరం చెప్పాల్సి వచ్చేది.

"బిడ్డా, మీ అత్తగారి ఊర్ల సద్దులు ఎన్నో నాడు?" అన్నాను.

"తొమ్మిదో..." అంటూనే ఆమె చెయ్యి టేపు మీద ఆగిపోయింది. "అయ్యో! ఆడ ఏడొద్దులకే కదా కాకా!"

పెళ్లయినప్పటి నుంచి ఆమె ఏడో నాడు అత్తగారింట ఆడి, ఆ తర్వాత నస్పూర్ వచ్చి తొమ్మిదో నాడు తల్లిగారింట ఆడుతోంది. రెండూ ఆమెకు సద్దులే. భర్త ఫోన్ చేసి, ఏఐని తారీఖు అడిగే టికెట్టు తీశానని, సద్దులకు అందుకుంటున్నానని అనగానే సంబరపడింది తప్ప, ఏ సద్దులో ఆలోచించలేదు. పండుగ నాటికి అతను గాలిలో కూడా ఉండడు. ఇంకా మస్కట్‌లో సంచీ సర్దుకుంటూ ఉంటాడు.

అత్తకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది.

"ఎనిమిదో నాడు దిగుతడా? అప్పటికి మేము బతుకమ్మను సాగదోలి, పువ్వు పేర్చిన సిబ్బి కడిగి బోర్లిస్తం. గా దినం ఎవలు చెప్పిండ్రే వానికి?"

"ఏఐ చెప్పిందట అత్తమ్మా."

"ఎవలామె? ఏ ఊరామె?"

ఆవిడ రోజూ ఫోన్‌లో వంటల వీడియోలు చూసే మనిషే. తెలిసే అడుగుతోంది.

"ఆమెకు ఊరు లేదత్తమ్మా."

"ఊరు లేనామెను పట్టుకొని ఊరి పండుగ అడిగిండా నా కొడుకు!"

సాయంత్రం అతను వీడియోలోకి వచ్చాడు. విషయం వినగానే నెత్తి పట్టుకున్నాడు. "నేను మంచిగనే అడిగిన కాకా. సద్దుల బతుకమ్మ ఎన్నడు అన్న. తారీఖు చెప్పింది. నేను గదే నమ్మిన."

"ఏ ఊళ్లో అని చెప్పావా?"

"బతుకమ్మకు ఊరేంది కాకా..." అని సగంలో ఆగిపోయాడు.

"మొగోళ్లకు పువ్వు తెచ్చుడే ఎరుక. దినాలు లెక్కవెట్టేది మేము," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

టికెట్టు ముందుకు జరపడం కుదరదు. సెలవు మీద పోయిన తోటి పనివాడు తిరిగి వస్తేనే ఇతన్ని వదులుతారు. పిల్ల తెర దగ్గరికి వచ్చి, "డాడీ, టీచర్‌కు ఏం చెప్పాలె?" అంది. అతను సిగ్నల్ పోయినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నేను ఏఐని మళ్లీ అడిగి చూశాను, ఈసారి ఊరు చెప్పి. క్షమాపణ చెప్పింది. కొన్ని ప్రాంతాల్లో ఏడో రోజునే సద్దులు చేస్తారని, స్థానికులను అడిగి నిర్ధారించుకోవడం మంచిదని రాసింది. చక్కటి జవాబే. కానీ మొదటి జవాబు కూడా ఇంతే చక్కగా, ఇదే గొంతుతో వచ్చింది. మా పాత విలేకర్లు అలా కాదు. సంగతి సరిగ్గా తెలియనప్పుడు "ఒక్క నిమిషం సార్" అని నసిగేవారు. ఆ నసుగుడు వినపడగానే నేను పెన్ను కింద పెట్టేవాణ్ని. దీనికి నసగడం రాదు.

టైలరమ్మాయి ఆశ చావక, ఇప్పుడేం చెయ్యాలో దాన్నే అడిగింది. పండుగను వీడియో కాల్‌లో చూపించండి, ఫొటోలతో ఆల్బం చేయండి అని అది వరసగా చెప్పుకుపోయింది. ఆమె ఫోన్‌ను బోర్లా పెట్టేసింది.

"మూడేండ్ల సంది గదే చేస్తున్న కాకా," అంది.

మా ఆవిడ చాయ్ పట్టుకొచ్చి, గ్లాసులు అందిస్తూ అంది:

"నస్పూర్ల తొమ్మిదొద్దులే కదనే. ఆయన దిగినంక మీ అమ్మగారింట్ల ఆడుండ్రి. మీ అత్తమ్మనే ఇటు పిలువరాదు?"

చెప్పడం తేలికే. సద్దులకు కోడలు తల్లిగారింటికి పోవడం ఉంది కానీ, అత్త పోయి వియ్యపురాలి వాకిట్లో బతుకమ్మ ఆడటం ఎక్కడా లేదు. ఫోన్‌లో ఆవిడ ఆ మాటే అంది.

"నేనా? పండుగ పూట వియ్యపురాలింటికా? మా వాడకట్టోళ్లు ఊకుంటరా? కొడుకు దిగంగనే కొంగు దోపుకొని ఉరికిందంటరు."

కోడలు బతిమాలింది. నస్పూర్ నుంచి వియ్యపురాలు కూడా ఫోన్ చేసి పిలిచింది. ఆవిడ చూద్దామంది తప్ప వస్తానలేదు. చివరికి పిల్ల ఫోన్ లాక్కుంది.

"బాపమ్మా, డాడీకి గునుగు కోసుడు రాదట. అమ్మ చెప్పింది. నువ్వు లేకుంటే ఎట్ల?"

"ఎవలన్నరు? నా కొడుక్కు రాదా!" అని అటునుంచి గట్టిగా వినిపించింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీ అమ్మకు చెప్పు, సిబ్బి నాదే తెస్త. మీ అమ్మమ్మ సిబ్బి గింతంతుంటది, మూడు వరసలకే నిండుతది."

ఏడో నాడు ఊళ్లో ఆవిడ తన పండుగ తాను చేసుకుంది. కోడలూ మనవరాలూ వెళ్లి ఆడారు. మరునాడు ముగ్గురూ కలిసే బస్సు దిగారు. ఇత్తడి సిబ్బిని పాత చీరలో చుట్టి ఆవిడ చంకలో పెట్టుకుంది, కండక్టరు పైన పెట్టమన్నా ఇవ్వలేదట. ఆ సాయంత్రం అతను రైలు దిగాడు. పిల్ల మొదట తల్లి వెనక దాక్కుని, తర్వాత అతని చెయ్యి పట్టుకుని ఇంక వదల్లేదు.

తొమ్మిదో నాడు తెల్లవారగానే నా స్కూటరు తాళం అడగడానికి వచ్చాడు. గునుగు ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని ఫోన్‌ను అడిగాడట. పూల మార్కెట్లో ప్రయత్నించమందట.

"గనుల మట్టిగుట్టలు దాటినంక పత్తి చేండ్లున్నయ్. గా గట్లెంబడి సూడు," అంది మా ఆవిడ.

పొద్దెక్కాక వచ్చాడు. చేతుల నిండా గీతలు, స్కూటరు ముందు తంగేడు, వెనక గునుగు. తల్లి ఒక్కో కాడా తీసి చూసింది.

"గింత పొట్టిగ కోస్తార్ర? మస్కట్ల గిట్లనే కోస్తరా?"

"ఆడ ఇసుకనే ఉంటదవ్వా."

"మాటలు మాత్రం నేర్చిండు," అని అవే పూలకు రంగులద్దడానికి కూర్చుంది. వియ్యపురాలు పక్కన కూర్చుని తంగేడు అందిస్తుంటే, ఎన్ని వరసలు పేర్చాలన్న దగ్గర ఇద్దరికీ కాసేపు వాదన జరిగింది.

సాయంత్రం మేమూ గోదావరి రేవుకు వెళ్లాం. వియ్యపురాళ్లు ఇద్దరూ ఒకే వలయంలో చప్పట్లు కొడుతూ తిరిగారు. ఆట అయ్యాక అతను పిల్ల బతుకమ్మను నెత్తిన పెట్టుకుని మెట్లు దిగాడు. "జరగుండ్రి, మా డాడీ వస్తుండు," అని పిల్ల ముందు నడిచి జనాన్ని తప్పించింది. కొత్త ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. పూలు కొట్టుకుపోతుంటే కనిపించినంత దూరం పిల్ల చెయ్యి ఊపుతూనే ఉంది.

అందరం మా ఇంటికి వచ్చి సద్దుల ప్రసాదం మలీద ముద్దలు తింటుంటే, టైలరమ్మాయి అత్త తన కొడుకు ఫోన్ తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

"ఇగో, ఇను. మా ఊర్ల ఏడొద్దులు, నస్పూర్ల తొమ్మిదొద్దులు. వచ్చే ఏడు నా కొడుకు అడిగితే గిదే చెప్తవా?"

తెలిపినందుకు ధన్యవాదాలని, అయితే మరోసారి మాట్లాడేటప్పుడు ఈ సంగతి తనకు గుర్తుండకపోవచ్చని అది చెప్పింది.

"నయం, ఉన్నది ఉన్నట్టు చెప్పింది," అని ఆవిడ ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

అతను వరండాలోనే కూర్చుని, వచ్చే ఏడు సెలవు కోసం తన కంపెనీకి ఇంగ్లిష్‌లో దరఖాస్తు రాయమని దాన్ని అడిగాడు. ఇప్పటినుంచే పెట్టుకుంటే అందరికంటే తనదే ముందుంటుందట. నాకు చూపించాడు. దిద్దడానికి ఏమీ లేదు, అంత బాగా రాసింది. తారీఖు దగ్గర మాత్రం ఖాళీ వదిలింది.

"అవ్వా," అన్నాడు తల తిప్పి. "వచ్చే ఏడు మన సద్దులు ఎన్నడు పడ్తయే?"

ఆవిడ మా గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. అది ఈ ఏటిదే.

"కొత్తది రానియ్ బిడ్డా. అమాస సూసి, ఆడికెళ్లి ఏడొద్దులు లెక్కవెట్టి చెప్త."