సగం నిండిన ట్యాంకరు

ఆఫీసులో అందరూ ఆమెను బ్రేకమ్మ అనేవారు. భారీ వాహనాలకు భద్రతా ధ్రువపత్రాలిచ్చే ఆ కార్యాలయంలో ఆమె పద్దెనిమిదేళ్లుగా ఇంజనీరు. బండి ఒరగబోతే తనంతట తానే బ్రేకు వేసే పరికరం సరిగ్గా పనిచేస్తోందా లేదా చూడడం ఆమె పని. మొదట్లో ప్రతి బండినీ మైదానంలో తడి రోడ్డు మీద మలుపులు తిప్పించి చూసేది. తరువాత కంప్యూటరు వచ్చింది. ఒక బండిని నిజంగా నడిపి, తెర మీది బండి కూడా అలాగే నడిచిందని రుజువైతే చాలు, ఆ రకం బండ్లన్నిటినీ తెర మీదే పరీక్షించవచ్చని నిబంధన. నెల పట్టే పని రెండు రోజుల్లో తేలిపోయేది. ఆమెకూ అది నచ్చింది.

ఆ వేసవిలో ఒక కొత్తరకం ట్యాంకరుకు అలాగే సంతకం చేసింది. కొన్ని వారాల తరువాత బాబాయి, పిన్ని ఆమె ఇంటికి భోజనానికి వచ్చారు. ముప్పై ఏళ్లు ట్యాంకర్లు నడిపిన మనిషి బాబాయి. మాటల్లో ఆ బండి ప్రస్తావన వచ్చింది.

"నిండుగా ఉంటే భయం లేదమ్మాయ్. సగం ఉంటేనే దాంతో చావు. మనం ఇటు తిప్పితే సరుకు అటు పోతుంది. సర్దుకునేలోపే మళ్లీ ఇటొచ్చి తంతుంది" అన్నాడాయన.

"ఇప్పుడు బండే బ్రేకు వేసుకుంటుంది బాబాయ్."

"బండికి వేస్తుందిలే. లోపలి సరుక్కెవరు వేస్తారు?"

పిన్ని పకపకా నవ్వింది. బ్రేకమ్మ మాత్రం ఎంత వేగంలో అలా తంతుందని ఆయన్ను అడిగింది.

మర్నాడు ఫైలు తీసింది. మైదానంలో నిజంగా నడిపిన ఒక్క బండినీ నిండుగా నింపే నడిపారు. తెర మీది ట్యాంకులో ఉన్నది ద్రవం కాదు, కదలని దిమ్మ. సగం నింపడమంటే ఆ దిమ్మ బరువు సగం చేయడమే. కంపెనీ ఏమీ దాచలేదు, పన్నెండో పేజీలో రాసింది. ఆ పేజీ అడుగున ఆమె పొట్టి సంతకం ఉంది.

పై అధికారి విసుక్కున్నాడు. "ద్రవం కదలాలని నిబంధనలో ఎక్కడుంది? లేని తలనొప్పి కొనితెచ్చుకోకు."

"ఒక్కసారి మైదానంలో నడిపిద్దాం సార్."

"నడిపితే పడిపోయిందనుకో. అప్పుడు జవాబు చెప్పేది నువ్వొక్కదానివేనా?"

ఆమె కాగితం మీద రాసి ఇచ్చింది. రాతపూర్వకంగా అడిగినదాన్ని ఆయన కాదనలేకపోయాడు. ఒప్పుకోవడానికి మాత్రం తొమ్మిది రోజులు తీసుకున్నాడు.

ట్యాంకులో సగానికి నీళ్లు నింపారు. బోల్తా పడకుండా రెండు పక్కలా చిన్న చక్రాలున్న ఇనుప చేతులు బిగించారు. కంప్యూటరు క్షేమమన్న వేగంలోనే డ్రైవరు ఎడమకు తిప్పాడు. బ్రేకులు పడ్డాయి. బండి నిలదొక్కుకున్నట్టే కనిపించింది. అంతలో లోపలి నీళ్లు దభీమని కుడి గోడను కొట్టాయి. ఎడమ చక్రాలన్నీ నేల విడిచాయి. బండి ఇనుప చేతి మీదికి వాలిపోయింది.

ఆ మధ్యాహ్నమే ధ్రువపత్రం నిలిపేశారు. అప్పటికి అరవై రెండు బండ్లు రోడ్డెక్కి ఉన్నాయి. సగం నింపి నడపవద్దని యజమానులందరికీ కబురు పంపారు. అయితే వాటిలో ఒకటి అంతకు నాలుగు రోజుల ముందే సగం సరుకుతో వంతెన దిగే మలుపులో బోల్తా పడింది. ఆ సంగతి ఆమెకు వారం తరువాత తెలిసింది.

ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లింది. బోల్తా పడిన బండి డ్రైవరు బతికాడు. కుడికాలు మోకాలి కింది నుంచి తీసేశారు. మంచం పక్కన అతని భార్య కూర్చుని ఉంది.

"మీరెవరమ్మా? కంపెనీ వాళ్లా?" అని అడిగింది.

"కాదు. ఆ బండి మంచిదని సంతకం పెట్టింది నేనే."

భార్య చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి తల తిప్పుకుంది. డ్రైవరే నెమ్మదిగా మాట్లాడాడు.

"బండి ఒరుగుతోందని చెప్పే దీపం వెలిగిందమ్మా. బ్రేకూ పడింది. బండే చూసుకుంటుందిలే అనుకున్నా. అది లేకపోతే ఇంకా మెల్లగా పోయేవాణ్ణి."

ఆమె ఇద్దరికీ నమస్కారం పెట్టి వచ్చేసింది.

మరుసటి ఏడాది నిబంధనల్లో ఒక వాక్యం చేరింది: ట్యాంకర్లను సగం నింపి, మైదానంలోనూ నడిపి చూడాలి. రాసింది ఆమే. ఆఫీసులో సన్మానం చేస్తామంటే వద్దంది. డ్రైవరుకు ఒక గోదాములో గేటు దగ్గర పని దొరికిందని విని, ఒకరోజు వాళ్లింటికి వెళ్లింది. భార్య తలుపు తీసింది, ఆయన బాగానే ఉన్నాడని చెప్పింది. లోపలికి మాత్రం రమ్మనలేదు.