డబ్బా మాత్రం నిండుగానే ఉంది

మాకు వీసా ఇచ్చిన సౌదీ యజమాని, మా కఫీల్‌కు బల్ల మీద తుపాకి ఆనించి కాగితం మీద గురి కొట్టే పిచ్చి. ఉనైజా దగ్గర ఆయన ఖర్జూర తోటలో తూటాల్లో మందు నింపే పని నాదీ, గంగారాందీ. డ్రిప్పు పైపులు కొరికే ఎలుకలను కాల్చడానికి వాడు సన్న గింజల మందుతో వందలకొద్దీ నింపుతాడు. గురిపోటీకి నేను పొడుగు గింజల మందును ఒక్కో తూటాకూ తూచి పోస్తాను. మధ్యాహ్నపు ఎండలో కూడా గురి చెదరనివ్వని మందేదో తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఈ రోజు పొద్దున నా డబ్బా మూత తీస్తే లోపలున్నవి సన్న గింజలు! అవి నా మందు కన్నా చాలా వేగంగా మండుతాయి; చూసుకోకుండా నా తూకం ప్రకారం పోసి ఉంటే, తుపాకి కఫీల్ చెంప పక్కనే పేలిపోయేది.

"ఇది ఎవలు పోసిన్రు?" అన్నాను.

గంగారాం తల ఎత్తలేదు. "చెయ్యి జారి నీ మందు కింద వడ్డదన్నా. డబ్బ నిండుగ కనవడాలని ఎలుకలది పోసిన."

"చెప్తే అయిపోతుండె గదరా!"

"నువ్వు తిడ్తవని."

ఆరేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం. నేను తిడతానని భయపడ్డవాడికి నేను జైలుకు పోతానన్న భయం లేకపోయింది.

సాయంత్రం నాకిష్టమని కోడికూర వండి ముందు పెట్టాడు. గిన్నె మూత తీసి రెండుసార్లు చూశాను. మీరైతే తింటారా?