జప్తు కాని కుట్టుమిషను

1991 జూన్. అప్పట్లో నేను ఎల్లారెడ్డి మున్సిఫ్ కోర్టులో అమీనును. కోర్టు ఇచ్చిన వారంటు పట్టుకుని వెళ్లి, బాకీదారు సామాను జప్తు చేసి రావడం అమీను పని. ఏ ఇంట్లోనూ నాకు మంచినీళ్లు ఇచ్చేవారు కాదు.

ఆ రోజు వెళ్లింది బస్టాండు వెనక ఫర్జానా బేగం దుకాణానికి. భర్త చనిపోయాక కుట్టుపనితో ఇద్దరు ఆడపిల్లలను సాకుతున్న మనిషి. అంతకు రెండేళ్ల ముందు హైదరాబాదు స్కూలు యూనిఫారాల కంపెనీ ఒకటి ఆమెకు ఫ్రాంచైజీ ఇచ్చింది. అంటే దుకాణం ఆమెదే, పేరు కంపెనీది. బట్ట వాళ్ల దగ్గరే కొనాలి, వాళ్లు చెప్పిన ధరకే అమ్మాలి. సరుకు అరువుకు ఇచ్చారు. రెండు ఉతుకులకే రంగు వెలిసిపోయింది. పిల్లల తల్లిదండ్రులు తెచ్చి మొహాన కొడితే, ఆమె అందరికీ డబ్బు తిరిగిచ్చేసింది. కంపెనీ మాత్రం అరువు డబ్బు కట్టాల్సిందేనని దావా వేసి డిక్రీ తెచ్చుకుంది. సరుకు బాగోగులు కంపెనీ పూచీ కాదని ఆ ఇంగ్లీషు ఒప్పందంలో ఉన్నట్టు ఆమెకు దావా పడ్డాకే తెలిసింది.

కంపెనీ మేనేజరు నా వెంటే వచ్చాడు. బట్ట తానులు, అద్దాల బీరువా, బల్ల రాసుకున్నాను. ఆమె అడ్డు చెప్పలేదు.

"కుట్టుమిషిన్ గూడ రాయుండ్రి," అన్నాడు మేనేజరు.

ఫర్జానా లేచి మిషనుకు అడ్డంగా నిలబడింది. "దీని జోలికి రాకుండ్రి, అమీన్ సాబ్. బట్ట వాళ్లది, తీస్కపోండ్రి. ఇది నా చేతుల లెక్క. చేతులు కోసుకపోతరా?"

ఏడ్చినవాళ్లను, కాళ్లు పట్టుకున్నవాళ్లను ఎందరినో చూశాను. ఆమె కంట నీరు లేదు. నాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షను గుర్తొచ్చింది: చేతిపనివాళ్ల పనిముట్లు జప్తు చేయకూడదు. నిజం చెప్పాలంటే, అంతకుముందు ఒక వడ్రంగి ఉలులూ రంపాలూ నేనే రాసుకుని వచ్చాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కలానికి మూత పెట్టాను. "మిషిన్ రాయ. చట్టం ఒప్పుకోదు."

"నీ మీద కంప్లైంట్ చేస్త!"

"చేయుండ్రి. నా పేరు తప్పు పోకుంట నేనే రాసిస్త."

చేశాడు. నాకు మెమో వచ్చింది. సెక్షను చూపించి జవాబు రాశాను. మున్సిఫ్ గారు కంపెనీ ఫిర్యాదు కొట్టేశారు.

మిగిలిన బాకీకి ఫర్జానా వకీలు చేత కామారెడ్డి కోర్టులో ఐపీ వేయించింది. ఐపీ అంటే దివాలా అర్జీ: ఉన్నదంతా కోర్టు ముందు పెట్టి, అప్పులవాళ్లకు పంచమని, అంతకు మించి తన వల్ల కాదని చెప్పుకోవడం. మా వైపు 'ఐపీ పెట్టింది' అంటే తిట్టుతో సమానం. జప్తు జాబితా గురించి చెప్పడానికి నేనూ కామారెడ్డి వెళ్లాను. కోర్టు వరండాలో మేనేజరు నలుగురూ వినేలా ఆ మాటే అన్నాడు.

"అవు, పెట్టిన," అంది ఫర్జానా, ఇంకా గట్టిగా. "దాచుకోలే, పారిపోలే. ఉన్నదంత జడ్జి ముందట పెట్టిన. రంగు పోయే బట్ట అంటగట్టింది మీరు. సిగ్గు మీకుండాలె."

వకీళ్లు సైతం తలతిప్పి చూశారు. మేనేజరు ఫైలు తీసుకుని అవతలికి పోయాడు. ఏడాది తర్వాత కోర్టు ఆమెను ఆ అప్పుల నుంచి విడుదల చేసింది. అప్పటికే ఆమె తన పేరు మీదే బడిపిల్లల బట్టలు కుడుతోంది.

చట్టం నాకు తెలిసి, ఎదుటి మనిషికి తెలియనప్పుడు చెప్పాల్సింది నేనేనని ఆ కేసులో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ కుమ్మరి, కమ్మరి ఇంటికి వెళ్లినా పనిముట్లు జప్తు కావని ముందే చెప్పేవాణ్ని. అప్పులిచ్చినవాళ్లు నా మీద ఇంకెన్నో ఫిర్యాదులు చేశారు. అన్నిటికీ జవాబు రాశాను. ఒక్కదానికీ క్షమాపణ రాయలేదు.