పదకొండుగారి ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు

"ఆగమ్మాయ్, కదలకు. వస్తోంది."

ఏమొస్తోందని నేను అడిగేలోపే ఆయన గాజుగ్లాసు తీసి, బల్లమీద విప్పి పెట్టిన నా చేతిగడియారం మరల మీద బోర్లించారు. కంటికి బిగించుకున్న భూతద్దం ఊడదీసి జేబులో వేసుకున్నారు. గుమ్మంవైపు తిరిగి, అప్పుడు తుమ్మారు. తుమ్ముతూనే ఉన్నారు. ఎదురు చెప్పుల దుకాణంలోంచి ఎవరో "పదకొండు!" అని అరిచి లెక్క ముగించారు.

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పదకొండుగారి దుకాణమంటే ఎవరైనా చూపిస్తారు. నలభై రెండేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నారు. ఆయన బిగించే మరల పక్కన ఆవగింజ పెడితే ఆవగింజే గుమ్మడికాయలా కనిపిస్తుంది. ఒక్క తుమ్ముకి అవి ఎగిరాయంటే పొద్దుగూకేదాకా నేలమీద పాకాల్సిందే.

"మా నాన్న నేర్పిన మొదటి పాఠమిది. ముందు గ్లాసు పట్టుకోవడం, తర్వాతే పనిముట్లు. గడియారాల పని చేసే ప్రతివాడి బల్లమీదా గ్లాసుంటుంది."

"మొన్న బజారులో ఇంకో గడియారాల ఆయన్ని చూశానండి. బల్లమీద గ్లాసుంది. అందులో టీ ఉంది."

"అయితే వాడికి పని రాదన్నమాట," అన్నారు తడుముకోకుండా.

పనికి సంబంధించిన అలవాటో, ముక్కుకి సంబంధించిన అలవాటో ఆ ఇంట్లో రెండు తరాలుగా ఎవరూ విడదీసి చూడలేదు. ఆ సరదా కాస్తా కూతురి కూతురి దగ్గరికొచ్చేసరికి చేదయింది. పిల్లకి ఎనిమిదేళ్ళు. పరిగెత్తితే దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఏడాది కిందట డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది తాతగారే.

"ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గానీ అలర్జీ గానీ ఉన్నాయా?" అని ఆవిడ అడిగింది.

"ఒక్కరికీ లేదండి. మాది ఇనుములాంటి వంశం," అని చెప్పి, "ఒక్క నిమిషం" అంటూ వరండాలోకి వెళ్ళి, పదకొండూ పూర్తిచేసుకుని వచ్చి కూర్చున్నారు.

డాక్టరమ్మ జలుబనుకుని సిరప్పు రాసింది. ఏడాది పొడుగునా సీసాలు మారాయిగానీ దగ్గు మారలేదు. బడిలో అందరూ పరిగెడుతుంటే ఈ పిల్ల గట్టుమీద కూర్చుని వాళ్ళ చెప్పులకి కాపలా కాసేది.

పోయిన ఆదివారం దుకాణం మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద కూలబడింది. వెనకే వస్తున్న కూతురు తండ్రిని అక్కడికక్కడే నిలదీసింది. ఆ సంభాషణ ఆయనే నాకు రెండు గొంతులతో వినిపించారు.

"నాన్నా, తాతయ్య ఎప్పుడూ కూర్చునే ఎందుకు నిద్రపోయేవాడు?"

"ఆయనకదో అలవాటే."

"మరి అత్త?"

"దానికి చిన్నప్పట్నుంచీ పిల్లికూతలు."

"పిల్లికూతలంటే ఏమిటి నాన్నా?"

"ఉబ్బసం మాత్రం కాదు. ఉబ్బసం వేరేవాళ్ళకొస్తుంది."

అన్నాక ఆ మాట తన చెవికే వినబడిందట. "గురివింద గింజకి కూడా ఎప్పుడో ఒకప్పుడు అద్దం దొరుకుతుందమ్మాయ్," అన్నారు.

మర్నాడే కూతురు వెళ్ళి అంతా చెప్పేసింది. ఈ ముక్క ముందే తెలిస్తే ఏడాది కిందటే పిల్లచేత ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించి చూసేదాన్ని అందట డాక్టరమ్మ. ఒంటి దురద, ముక్కు కారడం, ఛాతీలో కూతలు, ఇవన్నీ ఒక తల్లి పిల్లలట. తాతకి ముక్కులో ఉన్నది మనవరాలికి ఛాతీలో తేలవచ్చు. పుట్టుకతో వచ్చేది జబ్బు కాదు, జబ్బువైపు మొగ్గు. అదేనని తేలితే పీల్చే మందుంది, పిల్ల అందరిలాగే పరిగెత్తవచ్చు. గురువారం రండి, ఈలోగా రెండువైపులా ఎవరికేముందో రాసి తెమ్మంది.

రాయమంటే ఆయనకి ఒకటే పద్ధతి తెలుసు. రిపేరుకొచ్చిన గడియారానికి దారంతో కట్టే చీటీలు తీశారు. నా ముందు ఒక్కొక్కటే పరిచారు.

తండ్రి: పడుకోబెడితే ఆగుతుంది, కూర్చోబెడితే నడుస్తుంది.

చెల్లెలు: దుమ్ములో చప్పుడు చేస్తుంది.

అన్న: పైన గీతలు, మోచేతుల దగ్గర. బాగా గోకినవి.

నేను: రోజూ పొద్దున పదకొండు కొడుతుంది.

నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. ఆ చివరి చీటీ అంచు గోటితో సరిచేస్తూ, "ఒక్క సెకను తప్పు చూపిస్తే గడియారం విప్పేస్తాను. నేను 'లేదు' అన్న ఒక్క మాటకి పిల్ల ఏడాది గట్టుమీద కూర్చుంది," అన్నారు.

తర్వాత ఇంకో చీటీ నా ముందుకి తోశారు. దానిమీద 'వియ్యంకుడు' అని మాత్రం ఉంది, కింద ఖాళీ.

"అల్లుడి తండ్రి. నాలుగో వీధిలో దర్జీ. ఫోన్ చేసి అడిగాను. 'మావైపు ఎవరికీ ఏమీ లేదు బావగారూ, అంతా మీవైపు సరుకే' అన్నాడు. ఆ మాట అనేలోపు మూడుసార్లు ముక్కు చీదాడు."

"ఆయనా ఇనుములాంటి వంశమేనేమో."

"ఎగతాళికేం, తర్వాత చేద్దువుగాని. వినడం నీకొచ్చు. రేపు జాకెట్టు గుడ్డ పట్టుకుని ఆయన దగ్గరికెళ్ళు. ఏమున్నాయని మాత్రం అడక్కు, లేవంటాడు. ఊరికే గంటసేపు కూర్చో. దగ్గు విను, చొక్కా చేతులు మడిస్తే మోచేతులు చూడు, వాళ్ళమ్మ కబుర్లు చెప్పించు. చీటీ నింపి గురువారం పొద్దున్నే నాకివ్వు."

చీటీ తీసుకుని లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేశారు.

"అమ్మాయ్! నూలు గుడ్డే తీసుకెళ్ళు. ఉన్నిది ఆయనకి పడదు, పాపం."