డాలు పట్టిన ఇంద్రాణి

ఇంద్రాణికి కోపం ముక్కు మీదే ఉంటుందని భిలాయ్ స్టీల్ టౌన్‌షిప్ సెక్టర్ 2లో అందరికీ తెలుసు. ఎందుకుంటుందని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. నెహ్రూ నగర్‌లో ఒక గ్యాస్ ఏజెన్సీలో ఆమెకు కౌంటర్ ఉద్యోగం. సిలిండర్లు ఉండనిది గోదాములో, లారీ చెడిపోయేది రోడ్డు మీద, తిట్లు పడేది ఇంద్రాణికి. యజమాని లోపల ఏసీ గదిలో టీ తాగుతుంటాడు. జనం కేకలేస్తుంటే ‘మేడమ్ చూసుకుంటారు’ అంటాడు తప్ప బయటికి రాడు. ‘వినియోగదారులతో సహనం’ అని పై కంపెనీ వాళ్లు ఒక ఏడాది షీల్డు ఇస్తే, ఫొటో దిగి తెచ్చి తన గదిలోనే పెట్టుకున్నాడు, సిగ్గులేని మనిషి.

అలాంటిది, సెలవురోజున కంప్యూటర్ ముందు కూర్చుని ఆడే ఆటలో కూడా ఆమె డాలే పట్టుకుంది. స్టీల్ ప్లాంటు ప్లేట్ మిల్లులో పనిచేసే భర్త సూర్యప్రకాష్ అది చూసి నవ్వాడు.

“ఆఫీసులో తిన్నవి సాల్లేదేటే? ఇంటికొచ్చి కూడా తన్నులేటి?”

“అక్కడ నేను తింటే ఎవులికీ లాభం లేదు. ఇక్కడ నేను తింటే నలుగురు బతుకుతారు.”

అది అయిదుగురు జట్టుగా ఆడే ఆన్‌లైన్ ఆట. డాలూ గదా పట్టినవాళ్లను ట్యాంక్ అంటారు. వాళ్లు ముందు నిలబడి, మృగాన్ని తమ మీదికి రెచ్చగొట్టుకుని, దెబ్బలన్నీ కాచుకోవాలి. జంట కత్తులవాళ్లది డ్యామేజ్, అంటే సందు చూసి నరకడం. కత్తివాడి దెబ్బ గట్టిది, ప్రాణం మెత్తనిది. డాలు మనిషి ఎంత తిన్నా పడదు కానీ, కొడితే దోమ కుట్టినట్టు ఉంటుంది. పోరు మొదలయ్యాక ఆయుధం మార్చుకోవడానికి లేదు. కాబట్టి ఒకరికొకరు కావాలి. ఇంద్రాణికి ఆ ఆటలో నచ్చింది అదే.

జట్టు పేరు ‘భిలాయ్ భట్టీ’, అంటే భిలాయ్ కొలిమి. జట్టుకు పెద్ద, పక్క క్వార్టర్‌లో ఉండే మనోజ్‌కుమార్. పక్క ఊరు దుర్గ్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతాడు. వాళ్ల అమ్మా నాన్నా, ఇంద్రాణి వాళ్లూ నరసన్నపేట వైపు నుంచి వచ్చినవాళ్లే. ఆటలో అతను ఓనమాలు దిద్దుకున్నది ఇంద్రాణి డాలు వెనకే. రోజుల తరబడి ఆమె దెబ్బలు కాస్తే అతను కత్తి తిప్పడం నేర్చుకున్నాడు. పోరు సాగుతున్నంతసేపూ తెరమీద ఒక పక్క కనిపించే పట్టికలో ఎవరెంత కొట్టారో అంకెలు పడతాయి. పైన ఎప్పుడూ మనోజ్‌కుమార్, అట్టడుగున ఎప్పుడూ ఇంద్రాణి. ఎవరెన్ని దెబ్బలు కాశారన్న వరస ఆ పట్టికలో లేనే లేదు. ఆట తయారుచేసిన మహానుభావులకు అది లెక్కలోకే రాలేదు.

అది చాలదన్నట్టు ఈ వేసవిలో వాళ్లు ఆటకు మార్పులు చేశారు. జంట కత్తులతో కొట్టిన ప్రతి దెబ్బకూ కొంత ప్రాణం తిరిగి వచ్చేలా పెట్టారు. అంటే కొట్టేవాడే ఇప్పుడు కాస్త తట్టుకోగలడు కూడా. డాలుకు మాత్రం చిల్లిగవ్వ బలం పెంచలేదు. ఇంద్రాణికి ఒళ్లు మండిపోయింది. కత్తికే అన్నీ కట్టబెడితే ఇక పక్కవాడితో పనేమిటి? తూకం తప్పిన ఆట ఆటేనా? వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఆమెది అదే సణుగుడు. “ఆటే కదేటే” అన్నాడు సూర్యప్రకాష్. ఆ పూట అతనికి కూరలో ఉప్పు పడలేదు.

మనోజ్‌కుమార్ మాత్రం సంబరపడిపోయాడు. “దీదీ, ఇంక డాలెందుకు? మీరూ కత్తులే పట్టండి. జల్దీ అయిపోద్ది” అన్నాడు.

“చిన్నా చితకా మృగాలకు సాలుద్దిరా. కోటలో దున్న ఉన్నాది. డాలు లేనోళ్లను రెండు పోట్లకి సంపేస్తాది. అప్పుడేటి సేస్తావు?”

“అది కొట్టేలోపే మనం కొట్టేస్తాం.”

ఆ కోట గెలవాలని జట్టంతా ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. చివరికి ఇంద్రాణి పట్టుదల చూసి, ఒక్క ఆదివారం ఆమెను డాలుతోనే రానిచ్చారు. జట్టులో తన చోటు ఆ రోజుతో తేలిపోతుందని ఆమెకు తెలుసు. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడింది. దున్నను తనవైపు తిప్పుకుని, గోడకు ఆనించి, పోటు మీద పోటు కాసింది. అంతలో దున్న కాలు దువ్వింది. అది దువ్వినప్పుడు దగ్గరకు వెళితే చావే. జట్టులోని అమ్ము కత్తులు ఎత్తి ముందుకు దూకబోతోంది. ఇంద్రాణి మైకులో గట్టిగా అరిచింది.

“అమ్మూ, ఆగే!”

అమ్ము క్వార్టర్ల వెనక లైన్లో ఉండే డిగ్రీ పిల్ల. ఇక్కడే పుట్టింది, తెలుగు వంటింటి వరకే వచ్చు. ఆడపిల్లను చనువుగా ‘ఆగవే’ అనబోతే తొందరలో అది ‘ఆగే’ అవుతుంది. ఇంద్రాణి వాళ్లమ్మ జీవితమంతా ఆమెను అలాగే ఆపింది. హిందీలో ‘ఆగే’ అంటే ముందుకని అర్థం. అమ్ము ముందుకే దూకింది. ఆమె వెనకే మిగిలిన ముగ్గురూ దూకారు. ఒక్క ఊపులో నలుగురూ చచ్చారు. ఇంద్రాణి ఒక్కతే డాలు పట్టుకుని నిలబడి ఉంది, దోమకాటు గదతో.

“దీదీనే తో ఆగే బోలా!” అంది అమ్ము ఏడుపు గొంతుతో, దీదీయే కదా ముందుకు అందని. అబద్ధమేమీ కాదు.

ఆ పిల్ల మీద ఇంద్రాణికి కోపం రాలేదు. కోపమంతా ఆ తరువాత మనోజ్‌కుమార్ పెట్టిన మెసేజ్ మీద. తప్పంతా ఇంద్రాణిదేనట. ఇకనుంచి రెండు రూల్స్. ఒకటి, డాలు వద్దు. రెండు, మైకులో తెలుగు బంద్, అందరూ హిందీలోనే మాట్లాడాలి. ఇష్టం లేనివాళ్లు తప్పుకోవచ్చు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఇంద్రాణి పక్క క్వార్టర్ గేటు దగ్గరకు వెళ్లింది.

“ఒరే మనోజూ, మీయమ్మ నిన్ను ఏ బాసలో తిట్టి పెంచిందిరా? మీద దెబ్బ పడతంటే నోట్లోంచి అమ్మ బాస కాకుండా ఏటొస్తాదిరా?”

“దీదీ, ప్లీజ్. పర్సనల్‌గా తీసుకోకండి. టీమ్ కోసం.”

టీమ్ కోసమట! ఇన్నాళ్లూ ఎవరి కోసం కాసినట్టు ఆ పోట్లన్నీ? కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ పిల్లకాయ ముందు ఏడవడమేమిటని ఇంకా కోపం వచ్చింది. ఇంటికి వచ్చి ‘ఠీక్ హై’ అని మెసేజ్ పెట్టింది.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం ఇంద్రాణి జంట కత్తులు పట్టుకుని కోటలోకి వెళ్లింది. రూల్ ప్రకారం ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు. అసలు మాటే ఆడలేదు. మొదట అంతా మనోజ్‌కుమార్ చెప్పినట్టే జరిగింది. అయిదుగురూ నరుకుతుంటే దున్న ప్రాణం చకచకా కరిగింది. “దేఖా దీదీ?” అన్నాడతను గర్వంగా. ఇంద్రాణి ఇంకా వేగంగా నరికింది. ఏజెన్సీ కౌంటర్లో మింగిన మాటలన్నీ ఆమె చేతుల్లోకి వచ్చాయి.

దున్నకు సగం ప్రాణం పోయాక పిచ్చెత్తింది. రెచ్చగొట్టి తనవైపు తిప్పుకునేవాళ్లు లేరు కాబట్టి ఎటు పడితే అటు తిరిగింది. అమ్ము రెండు పోట్లకు పడింది. ఆ వెనకే మిగతా ఇద్దరూ పడ్డారు. మనోజ్‌కుమార్ పరుగెత్తి పరుగెత్తి గోడ మూలలో ఇరుక్కున్నాడు. దున్న అతనికి ఎదురుగా నిలబడి కాలు దువ్వింది.

“అక్కా! అక్కోయ్! ఆపక్కా దాన్ని! సంపేస్తాదక్కా!”

ఆ కేక నరసన్నపేటలో వేస్తే నరసన్నపేట వాళ్లకు అర్థమయ్యేటంత తెలుగు. ఇంద్రాణి వేళ్లు అలవాటుగా రెచ్చగొట్టే మీట మీదకు వెళ్లాయి. కత్తులతో ఆ మీట పనిచేయదు. తెర మీద ఆమె పేరు డ్యామేజ్‌లో అందరికంటే పైన మెరుస్తోంది.

ఆమె మైకు దగ్గరకు లాక్కుని, అక్షరం అక్షరం విడదీసి అంది.

“హిందీ మే బోలో, భయ్యా.”